పనిలేని మన జెండా: కేంద్ర నౌకాయాన మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర ఓడరేవులు, నౌకాయాన, జలమార్గాల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను కాకినాడలో సముద్రంలోని చమురు ప్లాట్‌ఫామ్‌లకు సరుకులు చేరవేసే ఒక చిన్న సప్లై బోటు యజమానిని. ఇంతకుముందు పెట్టుకున్న అర్జీలు మీ టేబుల్ దాకా వచ్చాయో లేదో నాకు తెలియదు. కింది నుంచి వచ్చిన జవాబు మాత్రం ఎప్పుడూ ఒకటే: 'మీ వినతి పరిశీలనలో ఉంది.' అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

2025 ఆగస్టులో కోస్టల్ షిప్పింగ్ చట్టం పార్లమెంటు దాటినప్పుడు మాలాంటి వాళ్లం స్వీట్లు పంచుకున్నాం. భారత నౌకలు మన తీరంలో పనిచేయడానికి ఇక లైసెన్సు అక్కర్లేదన్నారు. సరుకు రవాణాయే కాదు, సముద్రంలో జరిగే అన్వేషణ లాంటి సేవలు కూడా తీర వాణిజ్యం కిందికే వస్తాయన్నారు. విదేశీ జెండా నౌక, అంటే వేరే దేశంలో రిజిస్టరైన నౌక మాత్రం లైసెన్సు తీసుకోవాల్సిందే అన్నారు. చాలా సంతోషం. మాకు లైసెన్సు అక్కర్లేదన్నారు సరే, పని కూడా అక్కర్లేదనుకున్నారా సార్?

టెండర్లలో విదేశీ బోటు తక్కువ రేటు వేస్తే, అదే రేటుకు మేం చేస్తామని చెప్పి ఆ పని తీసుకునే మొదటి హక్కు మాకిచ్చారు. 2020లో దాన్ని మార్చి, మన దేశంలో కట్టిన నౌకలను వరుసలో ముందుంచారు. కానీ రేట్లు విప్పకముందే, అర్హతలు చూసే టెక్నికల్ బిడ్‌లోనే తీసేస్తే ఆ హక్కు వాడేదెక్కడ? పంక్తిలో మొదటి విస్తరి మాదేనంటారు, గుమ్మంలోనే ఆపేస్తారు. ఒక టెండర్‌లో బోటు వయసు ఎక్కువంటారు. ఇంకో దాంట్లో అనుభవం చాలదంటారు. పని ఇస్తేనే కదండీ అనుభవం వచ్చేది! నీళ్లు, డీజిల్, కూరగాయలు మోసే పనికి కూడా డీపీ-2 (లంగరు వేయకుండానే కంప్యూటర్‌తో బోటును ఒకేచోట నిలిపే వ్యవస్థ) ఉండాలని ఒక సంస్థ షరతు పెట్టింది. చివరికి 'తగిన భారత నౌక దొరకలేదు' అని రాసుకుని విదేశీ బోటుకు లైసెన్సు తెచ్చుకున్నారు. దొరకని ఆ నౌక అప్పటికి కాకినాడలోనే లంగరేసి ఉంది.

ఖాళీగా ఉన్న బోటు ఖర్చు గురించి మీ అధికారులు ఎప్పుడైనా లెక్క వేశారా? కారైతే షెడ్డులో పెట్టి తాళం వేసుకోవచ్చు, బోటును అలా వదలలేం. లంగరు మీద ఉన్నా లోపల మనుషులుండాలి, వాళ్లకు జీతాలివ్వాలి, వండి పెట్టాలి. జనరేటర్ ఆగకూడదు. పోర్టు చార్జీల మీటర్ తిరుగుతూనే ఉంటుంది. కదలకుండా ఉంటే అడుగున చిప్పలు పడతాయి, వాటిని గీకించాలి. బోటు భద్రంగా ఉందో లేదో చూసే క్లాస్ సర్వే తేదీ ఎవరి కోసమూ ఆగదు, బోటును నీళ్లలోంచి తీసి రిపేరు చేసే డ్రై డాక్‌కు అడ్వాన్స్ కట్టాలి. ఇన్సూరెన్స్, బ్యాంకు వాయిదా సరేసరి. తుపాను హెచ్చరిక వస్తే ఆ టెన్షన్ వేరే. ఇంత చేసి నిలబెట్టుకుంటే, తర్వాతి టెండర్‌లో ఇన్నాళ్లూ పని లేకుండా ఎందుకుందని అడుగుతారు!

ఇక సిబ్బంది సంగతి. విదేశీ రూట్లలో చేసే కుర్రాడికి ఎన్నారై లెక్కలో పన్ను మినహాయింపు దొరుకుతుంది. మన తీరంలో చేస్తే ఆ రోజులన్నీ ఇండియాలో ఉన్నట్టే లెక్క, జీతం మీద పన్ను కట్టాలి. మంచి ఇంజనీరు నా బోటెక్కి ఎందుకు ఉంటాడు? ఇది ఆర్థిక శాఖ పని అంటారని తెలుసు. ఆ శాఖకు చెప్పాల్సింది మీరు కాక ఇంకెవరు?

2025 సెప్టెంబరులో మీరు నౌకా రంగానికి 69,725 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించారు. పెద్ద నౌకలకు మౌలిక సదుపాయాల హోదా, అంటే బ్యాంకు అప్పులు సులువుగా దొరికే హోదా కూడా ఇచ్చారు. విదేశంలో కట్టినదైతే 10,000 టన్నేజీ, ఇక్కడ కట్టినదైతే 1,500 ఉండాలట. నా బోటు కొన్ని వందల టన్నులు. చమురు ప్లాట్‌ఫామ్‌కి నీళ్లు మోసే బోటు పదివేల టన్నులు ఎందుకుంటుంది సార్?

2024 జనవరిలో కాకినాడ తీరానికి దాదాపు 30 కిలోమీటర్ల దూరంలో, కేజీ (కృష్ణా-గోదావరి) బేసిన్ లోతు సముద్రంలో కొత్తగా చమురు తీయడం మొదలైనప్పుడు దేశమంతా గర్వపడింది, మేమూ పడ్డాం. ఇక మన ఊరికి పనే పని అనుకున్నాం.

దయచేసి టెండర్ షరతులు పనికి తగ్గట్టు ఉన్నాయో లేదో ముందే చూసే ఏర్పాటు చేయండి. 'భారత నౌక లేదు' అని ఎవరైనా రాస్తే, ఏయే నౌకలను ఏ కారణంతో కాదన్నారో బయటపెట్టించి, ఆ తర్వాతే లైసెన్సు ఇవ్వండి. చిన్న బోట్లకు బ్యాంకు అప్పు దొరికేలా చూడండి. ఇవేవీ కుదరవంటే ఆ మాటైనా సూటిగా చెప్పండి. నేనూ పనామా జెండా కట్టుకుని లైసెన్సు కోసం మీ దగ్గరికే వస్తాను. అప్పుడైనా నా బోటు మీ వాళ్ల కంటికి కనిపిస్తుందేమో.

ఈ ఉత్తరానికి మాత్రం 'పరిశీలనలో ఉంది' అని జవాబు పంపించకండి.

ఇట్లు,
కాకినాడ నుంచి ఒక బోటు యజమాని