డ్రైవర్ మీది, తిప్పలు మావి: మీ మ్యూజిక్ కీబోర్డుపై ఫిర్యాదు

కస్టమర్ సపోర్ట్ విభాగం వారికి,

ఇంట్లో పాటలు రికార్డు చేసుకోవడానికి మీ 61 కీల కీబోర్డు కొన్నాను. యూఎస్‌బీ కేబుల్ పెట్టగానే కీబోర్డు మీద లైట్లు వెలుగుతాయి, కంప్యూటర్ టింగుమంటుంది, రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో మాత్రం దాని పేరే కనిపించదు. విండోస్‌లో పరికరాల జాబితా చూపే డివైస్ మేనేజర్ తెరిస్తే కీబోర్డు పేరు పక్కన పసుపు త్రికోణం, దాన్ని కంప్యూటర్‌తో మాట్లాడించే ప్రోగ్రాము, అంటే డ్రైవర్, లోడ్ కాలేదంటూ కోడ్ 39 అనే ఎర్రర్. ఇదంతా మొదటి మెయిల్‌లోనే స్క్రీన్‌షాట్‌తో సహా పంపాను. కేబుల్ మార్చండి, పోర్టు మార్చండి, డ్రైవర్ తీసేసి మళ్లీ వేయండి అన్నారు. అన్నీ చేశానని రాస్తే మళ్లీ అదే జవాబు, కింద సంతకం మాత్రం వేరేవాళ్లది. పాడిందే పాడరా పాచిపళ్ల దాసరీ అన్నట్టుంది మీ వరస.

లైట్లు వెలిగినంత మాత్రాన కేబుల్ బాగున్నట్టు కాదని నాకూ తెలుసు, కొన్ని కేబుళ్లలో కరెంటు వస్తుంది గానీ డేటా వెళ్లదు. అందుకే ప్రింటర్ వెనక ఉన్న కేబుల్ ఊడదీసి దీనికి పెట్టాను, రెండింటికీ ఉండేది ఆ చదరపు సాకెట్టే కదా. ఆ కేబుల్‌తో ప్రింట్లు చక్కగా వస్తున్నాయి. ఒక పోర్టును నాలుగైదు చేసే హబ్ కూడా మధ్యలో లేదు, నేరుగా కంప్యూటర్‌కే పెట్టాను.

ఆ తర్వాత వచ్చిన సలహా ఇంకా విచిత్రం. ఆడియో బఫర్, అంటే కంప్యూటర్ ఒక్కో విడతలో ఎంత శబ్దాన్ని పోగుచేసుకోవాలో చెప్పే సెట్టింగ్, 256 నుంచి 512కి పెంచమన్నారు. కీబోర్డు నుంచి యూఎస్‌బీలో నేను వాడుకునేది శబ్దం కాదు, మిడి సందేశాలు. ఏ కీ నొక్కాం, ఎంత గట్టిగా నొక్కాం అనేది 0 నుంచి 127 మధ్య అంకెల్లో వెళ్తుంది. వచ్చే సందేశాలను చూపించే మిడి మానిటర్‌లో ఆ అంకె ఒక్కటి కూడా కనబడనప్పుడు బఫర్ ఎంత పెంచితే ఏం లాభం? సంగీత పరికరాలు అమ్మే కంపెనీ సపోర్ట్‌కు ఈ తేడా నేను చెప్పాల్సి రావడం ఏమిటో!

అసలు నాకు కోపం తెప్పించింది చివరి మెయిల్. విండోస్ 11లో మెమరీ ఇంటిగ్రిటీ ఆఫ్ చేస్తే పనిచేస్తుందని తీరిగ్గా రాశారు. అది చెడ్డ ప్రోగ్రాములు సిస్టమ్ లోపలికి చొరబడకుండా కాపాడే సెట్టింగ్. మీ పాత డ్రైవర్ దానికి సరిపడేలా లేదు కాబట్టి విండోస్ ఆపేస్తోంది. బ్యాంకు పనులు కూడా ఇదే కంప్యూటర్‌లో చేసుకుంటాను. మీ డ్రైవర్ సరిచేయడం మానేసి నా తలుపు గడియ తీయమంటారా?

చివరికి దారి నేనే వెతుక్కున్నాను. కీబోర్డు సిస్టమ్ మెనూలో బాగా లోపల 'యూఎస్‌బీ డ్రైవర్' అని ఒకటుంది, అందులో 'వెండర్' (మీ కంపెనీ డ్రైవర్) తీసేసి 'జెనరిక్' (విండోస్‌లో ఉండే మామూలు డ్రైవర్) పెట్టి, ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేస్తే విండోస్ తన సొంత డ్రైవర్‌తోనే గుర్తుపట్టింది. యూఎస్‌బీ మిడికి అందరికీ ఒకే ప్రమాణం 1999లోనే వచ్చింది మరి. ఈ ఒక్క ముక్క మొదటి జవాబులో రాస్తే ఇంత టెన్షన్ ఉండేది కాదు.

అయినా సగం పనే అయింది. పెట్టె మీద గొప్పగా వేసిన మీ ఎడిటర్ సాఫ్ట్‌వేర్ జెనరిక్‌లో కీబోర్డును చూడనే చూడదు, కాబట్టి నాబ్‌లకు నాకు కావలసినవి పెట్టుకునే వీల్లేదు. ఇంకొకటి, కేబుల్ వేరే పోర్టుకు మారిస్తే చాలు, పేరు ముందు '2-' అని చేరి కొత్త కీబోర్డు వచ్చినట్టు చూపిస్తుంది, పాత ప్రాజెక్టుల్లో ట్రాకులన్నీ మూగబోతాయి, ఒక్కోదానికీ ఇన్‌పుట్ మళ్లీ ఎంచుకోవాలి. మీ కీబోర్డు కంప్యూటర్‌కు తన సీరియల్ నంబర్ చెప్పకపోవడమే దీనికి కారణం, చెప్పి ఉంటే ఏ పోర్టులో పెట్టినా పాతదేనని విండోస్ గుర్తుపట్టేది. డివైస్ మేనేజర్‌లో దాగి ఉన్న పరికరాలను బయటికి రప్పించి, మసకగా కనిపించే పాత పేర్లను తీసేస్తూ నెట్టుకొస్తున్నాను. ఇది కీబోర్డు లోపలి సాఫ్ట్‌వేర్ అయిన ఫర్మ్‌వేర్‌లో మీరు సరిచేయాల్సింది.

మెమరీ ఇంటిగ్రిటీ ఆన్‌లో ఉండగానే పనిచేసే డ్రైవర్ ఎప్పుడు ఇస్తారో రాయండి. జెనరిక్ సెట్టింగ్ సంగతి మీ సపోర్ట్ పేజీలో పైనే పెట్టండి. సీరియల్ నంబర్ విషయం ఫర్మ్‌వేర్ చేసేవాళ్లకు చేరవేసి, వాళ్లేమన్నారో నాకు చెప్పండి. కొత్త డ్రైవర్ తెచ్చే ఉద్దేశం లేకపోతే ఆ మాటైనా సూటిగా చెప్పి, కీబోర్డు వెనక్కి తీసుకుని డబ్బు తిరిగివ్వడానికి నేనేం చేయాలో తెలపండి. జవాబు రాసేవాళ్లు ముందు పాత మెయిళ్లన్నీ చదవండి, నేను సరేననకుండా ఈ ఫిర్యాదును మూసేయకండి.

ఇట్లు,
మీ కీబోర్డు కొన్న కస్టమర్