పిన్ను గేటు మీద పెట్టండి

సంపాదకులకు,

మ్యాపులో కస్టమర్ ఇంటిని చూపే గుర్తు, అంటే పిన్ను, రోడ్డు మధ్యలో పడితే డెలివరీ యాప్‌కు ఇల్లు ఏ వైపో తెలియదు. మమ్మల్ని డివైడర్‌కు అవతల దింపుతుంది. ఇక యూటర్న్ దాకా పోయి రావాల్సిందే. హైదరాబాద్‌లో ‘8-3-’ అంటూ మొదలయ్యే ఇంటి నంబర్లైతే మ్యాపుకు అంతుపట్టవు, పిన్నును కాలనీ నడిమధ్యలో పడేస్తుంది. మ్యాపు కారు మోడ్‌లో ఉంటే మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్‌కు పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఫ్లైఓవర్ ఎక్కమంటుంది. దాని మీదికి టూవీలర్లను రానివ్వరు! కింద సిగ్నళ్లలో పోయే టైము మాత్రం రైడర్ ఖాతాలోకే.

కస్టమర్లు ‘కరెంట్ లొకేషన్’ నొక్కి వదిలేయకుండా, మ్యాపు పెద్దది చేసి పిన్నును గేటు మీదికి జరపాలి. కంపెనీలు టూవీలర్ మోడ్‌ను తప్పనిసరి చేయాలి. పిన్ను సరిదిద్దే వీలు రైడర్‌కూ ఇవ్వాలి. ఆ సవరణ తర్వాతి ఆర్డర్‌కూ నిలవాలి.

– డెలివరీ రైడర్లు, మెహిదీపట్నం