పిల్ల పేరు రాయనన్నందుకు సున్నా: మీ డిప్లొమా కోర్సుపై ఫిర్యాదు

కళ్యాణదుర్గం మండలం,
అనంతపురం జిల్లా.
తేదీ: 18 జులై 2025

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,
హైదరాబాద్.

విషయం: బాలల, యువజనుల, కుటుంబాల సహాయ సేవల డిప్లొమాలో తప్పుడు పాఠం, పిల్లల వివరాలు బయటపెట్టించడం, జరగని ఫీల్డ్ వర్క్ గురించి.

అయ్యా,

ఈ లేఖ ఇంతకు ముందు రెండుసార్లు రాసి పక్కన పెట్టాను. రెండింటిలోనూ మొదటి మాట ఫీజు గురించే. మళ్లీ చదువుకుంటే, నా నష్టం కన్నా పెద్ద విషయం కింద ఎక్కడో నాలుగు వాక్యాల్లో ఉండిపోయింది. అందుకే ఈసారి దానితోనే మొదలుపెడుతున్నాను.

మీ నాలుగో పుస్తకం 63వ పేజీలో, ఒక పిల్ల మీద లైంగిక హింస జరుగుతోందన్న అనుమానం వస్తే ఏమి చేయాలో చెబుతూ, 'వెంటనే స్థానిక పెద్దలకు తెలియజేయాలి, వారు విచారించి తగిన నిర్ణయం తీసుకుంటారు' అని రాశారు. ఈ వాక్యం ఎలా పుట్టిందో వెతికాను. ఆ పాఠం మొదట్లో ఇంగ్లండ్‌కు చెందిన 1989 బాలల చట్టం ప్రస్తావన ఉంది. ఆ చట్టం 47వ సెక్షన్ ప్రకారం, పిల్లలకు తీవ్రమైన హాని జరుగుతోందన్న అనుమానం వస్తే విచారణ జరపాల్సిన బాధ్యత 'లోకల్ అథారిటీ'ది. అక్కడ ఆ మాటకు అర్థం, ఎన్నికైన స్థానిక ప్రభుత్వం. ఆ విచారణ చేసేది శిక్షణ పొందిన సోషల్ వర్కర్లు. మీ అనువాదకులు ఆ మాటను 'స్థానిక పెద్దలు' అని రాసేశారు.

మా జిల్లాలో స్థానిక పెద్దలు అంటే ఎవరో మీకు చెప్పాలా? ఊరి పెద్దమనుషులు. రచ్చకట్ట మీద కూర్చుని, తప్పు చేసినవాడి చేత ఇంత డబ్బు కట్టించి, పిల్ల తల్లిదండ్రులను 'పరువు పోతుంది, గమ్మున ఉండండి' అని ఇంటికి పంపేవాళ్లు. పిల్లను కాపాడటానికి రాసిన వాక్యం తెలుగులోకి వచ్చేసరికి ఆ పిల్లను మళ్లీ వాళ్ల చేతుల్లోనే పెట్టింది.

మన దేశంలో చట్టం వేరు, అది చాలా స్పష్టంగా ఉంది. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం 18 ఏళ్లలోపు పిల్లల మీద అలాంటి నేరం జరిగిందని తెలిసినవారు, జరగబోతోందని భయపడినవారు పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. అంటే మీ పుస్తకం చెప్పినట్లు నడుచుకున్న విద్యార్థి నేరస్థుడవుతాడు. అయినా నన్ను కలవరపెట్టేది విద్యార్థికి పడే శిక్ష కాదు. పెద్దమనుషుల పంచాయితీ అయిపోయాక ఆ పిల్ల తిరిగి వెళ్లేది అదే ఇంటికి, అదే వీధికి.

నవంబరులో మీ అధ్యాపకురాలికి ఫోన్ చేసి ఇది చెప్పాను. 'పరీక్షలో పుస్తకంలో ఉన్నదే రాయండి' అన్నారు. ఫిబ్రవరి పరీక్షలో సరిగ్గా ఆ ప్రశ్నే వచ్చింది. నేను పోలీసులు అని గుర్తు పెట్టాను. తప్పు అని మార్కు తీసేశారు. మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో 140 మందికి పైగా ఉన్నారు. వాళ్లలో ఎంతమంది ఆ జవాబును నిజమని నమ్మి ఊళ్లకు వెళ్లారో మీ దగ్గర లెక్క ఉందా?

ఇంగ్లండ్ గురించి నేర్చుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. కుటుంబాలకు తోడుగా నిలవడాన్ని వాళ్లు ఒక వృత్తిగా తీర్చిదిద్దుకున్నారు. పసిపిల్లలున్న ఇళ్లకు వెళ్లే 'హెల్త్ విజిటర్' అనే నర్సుల గురించిన పాఠం నాకు నిజంగా నచ్చింది. అయితే ఇది వాళ్ల పద్ధతి అని చెప్పి, పక్కనే మన పద్ధతి చెప్పాలి కదా. ఆరు పుస్తకాల్లో ఎక్కడా అంగన్‌వాడీ అనే మాట లేదు. అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం) మొదలైంది 1975 అక్టోబరు 2న. యాభై ఏళ్లుగా ఈ దేశంలో పల్లెపల్లెకూ విస్తరిస్తూ తల్లీబిడ్డల పక్కన నిలిచిన వ్యవస్థ అది. మీ పుస్తకాల్లో బాలల సంక్షేమ కమిటీ మాట లేదు. జిల్లా బాలల పరిరక్షణ యూనిట్ లేదు. గ్రామ సచివాలయంలో మహిళా పోలీసు ఉంటారని లేదు. పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయవచ్చన్న ఒక్క ముక్క కూడా లేదు.

ఇక రెండో విషయం. దీని గురించి రాస్తుంటే ఇప్పటికీ చేయి వణుకుతోంది.

మార్చిలో 'ఒక కుటుంబంతో పనిచేసి నివేదిక సమర్పించండి' అని 25 మార్కుల పని ఇచ్చారు. నేను చేశాను. ఆ పిల్ల పేరు, ఊరు, వయసు ఈ లేఖలోనూ రాయను. వేరుశనగ పోయిన ఏడు తల్లిదండ్రులు బెంగళూరుకు భవన నిర్మాణ పనికి వెళ్లారు. పిల్ల అవ్వ దగ్గర ఉంది. బడి మానేసింది. మేనమామకు ఇచ్చి పెళ్లి చేయాలని ఇంట్లో మాట నడుస్తోంది. మా అమ్మ ఇరవై రెండేళ్లుగా అంగన్‌వాడీ కార్యకర్త. కిశోర బాలికల సమావేశానికి ఆ పిల్ల వరుసగా రెండుసార్లు రాకపోవడం గమనించింది ఆమే.

నేనైతే ముందు చట్టం పేరు ఎత్తేదాన్ని. బాల్యవివాహాల నిషేధ చట్టం 2006, ఆడపిల్లకు 18 నిండాలి, అని. అమ్మ నన్ను ఆపింది. 'ఇప్పుడే కేసు అంటే పెళ్లి ఆగదు, ఇంకో ఊళ్లో రాత్రికి రాత్రి జరుగుతుంది. ముందు వాళ్ల భయం ఏమిటో విను' అంది. సచివాలయం మహిళా పోలీసుకు, ఐసీడీఎస్ సూపర్‌వైజర్‌కు విషయం చెప్పి, వాళ్లతో కలిసి ఆ ఇంటికి వెళ్లాం. బెంగళూరులో ఉన్న తల్లితో ఫోన్‌లో మాట్లాడాం. ఆమె అన్న మాట నా నివేదికలో మొదటి వాక్యం: 'ఈడొచ్చిన పిల్లను ముసలిదాని దగ్గర వదిలి ఇక్కడ నేను ఎలా నిద్రపోవాలి?'

ఆ ఇంటివాళ్లకు చట్టం తెలియక కాదు. రాత్రిపూట పిల్ల ఎక్కడ క్షేమంగా పడుకుంటుందన్నదే వాళ్ల దిగులు. అది అర్థమయ్యాక దారి దొరికింది. బడి మానేసిన ఆడపిల్లలకు కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయంలో చదువూ వసతీ రెండూ ఉంటాయి. తల్లి వచ్చి చూసి, వంటగది చూసి, వార్డెన్‌తో మాట్లాడి ఒప్పుకుంది. ఆ పిల్ల ఇప్పుడు అక్కడ చదువుతోంది. పెళ్లి మాట ప్రస్తుతానికి ఆగింది. ప్రస్తుతానికి అనే రాస్తున్నాను, ఎందుకంటే నెలకోసారి అమ్మ ఇంకా ఆ అవ్వను పలకరిస్తూనే ఉంది.

ఈ వివరాలన్నిటితో, పేరు మార్చి, 11 పేజీలు రాశాను. మీరు ఇచ్చిన మార్కులు సున్నా. కారణం ఎర్ర సిరాతో రాశారు: 'ఫొటో లేదు, అసలు పేరు లేదు, చిరునామా లేదు. అసంపూర్ణం.' మిగతావాళ్లు తమ నివేదికలను ఫొటోలతో సహా ఆ 140 మంది గ్రూపులోనే పెట్టాలని చెప్పారు, చాలామంది పెట్టారు. ఏడుస్తున్న ఒక పిల్లవాడి ముఖం, కింద తండ్రి తాగుడు గురించిన కథ, ఊరి పేరు, బడి పేరు. అది నా ఫోన్‌లోకి వచ్చింది. నేను అడగలేదు. ఆ పిల్లవాడినీ ఎవరూ అడిగి ఉండరు.

చిన్న వయసులో పెళ్లి ముప్పు ఉన్న పిల్లను 2015 బాల న్యాయ చట్టం సంరక్షణ అవసరమైన పిల్లగా గుర్తిస్తుంది. అలాంటి పిల్లల పేరు, చిరునామా, బడి, ఫొటో ఏ మాధ్యమంలోనూ బయటపెట్టకూడదని అదే చట్టం 74వ సెక్షన్ చెబుతుంది. మీరితే ఆరు నెలల వరకు జైలు, లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. ఈ వృత్తిలో అడుగుపెట్టేవారికి మొదటి రోజే చెప్పాల్సిన పాఠం ఇది. ఒక ఇంటివాళ్లు నమ్మి చెప్పుకున్న మాటను దాచుకోవడం రాకపోతే ఇంకేమి నేర్చుకున్నా ఆ ఇంటి గడప తొక్కే అర్హత ఉండదు. మీ దగ్గర ఆ మాటను దాచినవారికి సున్నా వచ్చింది.

ఫీల్డ్ వర్క్ సంగతి క్లుప్తంగా చెబుతాను. అనంతపురంలోని సంస్థల్లో, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో 240 గంటలు అని మీ కరపత్రంలో ఉంది. జనవరిలో 'ఎవరికి వారే చూసుకుని, జతచేసిన ఫారం మీద సంతకం, స్టాంపు వేయించుకోండి' అని సందేశం వచ్చింది. కళ్యాణదుర్గం నుంచి బస్సులో వెళ్లి అనంతపురంలో నాలుగు చోట్ల అడిగాను. ఒక పిల్లల వసతి గృహం బాధ్యురాలు నన్ను కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చి అడిగిన ప్రశ్నలకు నా దగ్గర జవాబు లేదు. 'మీ పర్యవేక్షకులు ఎవరు? పోలీసు వెరిఫికేషన్ ఏది? మీరు వారానికి రెండు రోజులు వచ్చి, మూడు నెలలకు మాయమైతే, మీకు అలవాటుపడిన పిల్లలకు ఎవరు సమాధానం చెప్పాలి?' ఆమె నన్ను వద్దనడం సరైనదే. ఆ ప్రశ్నలు నా కన్నా ముందు మీ సంస్థ వేసుకోవాల్సింది. ఇదంతా చెబితే మీ సమన్వయకర్త 'స్టాంపు ఎక్కడైనా వేయించుకోండి, ఎవరూ చూడరు' అన్నారు. నేను వేయించుకోలేదు.

సోషల్ వర్క్ చదువులో ఫీల్డ్ వర్క్ తీసేస్తే మిగిలేది కాగితాలే. 1936లో ముంబయిలో ఈ దేశపు మొదటి సోషల్ వర్క్ విద్యాలయం మొదలైన నాటి నుంచి ఈ చదువు తరగతి గదితో పాటు బస్తీల్లో, ఇళ్లలో సాగుతోంది. ఆ తల్లితో ఏమి మాట్లాడాలో నాకు చెప్పింది మా అమ్మ. అంగన్‌వాడీ అమ్మ లేని విద్యార్థికి ఎవరు చెబుతారు? మీరు తీసుకున్న ఫీజు దానికే కదా.

కరపత్రంలో ఇంకో మాట ఉంది. ఈ డిప్లొమాతో భవిత కేంద్రాల్లో దివ్యాంగ బాలలకు స్పెషల్ ఎడ్యుకేటర్‌గా పనిచేయవచ్చట. ఆ పని చేయాలంటే ఆర్‌సీఐ అని పిలిచే భారత పునరావాస మండలి గుర్తించిన కోర్సు చదివి, వాళ్ల రిజిస్టరులో పేరు నమోదు చేయించుకోవాలి. 1992 చట్టం చెప్పేది అదే. మీ కోర్సుకు ఆ గుర్తింపు లేదని మీ కార్యాలయమే నాకు ఏప్రిల్‌లో ఈమెయిల్‌లో ఒప్పుకుంది. ఆ మాట నేను కోర్సులో చేరేముందు ఫోన్‌లో చెప్పి ఉంటే మా అమ్మ తన రెండు గాజులు బ్యాంకులో పెట్టేది కాదు. అప్పుడు నాతో మాట్లాడినవారి హోదా 'కౌన్సిలర్'. మనసు చెదిరిన పిల్ల ముందు కూర్చుని వినేవారి పేరు అది. కోర్సు అమ్మేవారికి ఆ పేరు పెట్టకండి.

నేను అడిగేది ఇది. 63వ పేజీని సరిచేసి, ఇప్పటికే కోర్సు ముగించినవారితో సహా విద్యార్థులందరికీ ఆ పాఠం తప్పని, చట్టం ఏమి చెబుతుందో రాతపూర్వకంగా తెలియజేయండి. నా నివేదికను ఈ రంగంలో పనిచేసినవారి చేత మళ్లీ దిద్దించండి. పర్యవేక్షణతో కూడిన 240 గంటలు ఏర్పాటు చేయండి, చేయలేకపోతే 48,000 రూపాయల ఫీజు వెనక్కి ఇవ్వండి. స్పెషల్ ఎడ్యుకేటర్ మాట కరపత్రం నుంచి తీసేయండి. వీటికి ఈ లేఖ అందిన నాటి నుంచి 30 రోజులు గడువు.

జవాబు రాకపోతే అనంతపురం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను ఉంటున్న జిల్లాలోనే వేయవచ్చు, హైదరాబాద్ రావాల్సిన అవసరం లేదు. ఐదు లక్షల లోపు వ్యవహారానికి ఫీజు కూడా లేదు. రసీదు, కరపత్రం, 63వ పేజీ, ఎర్ర సిరా ఉన్న నా నివేదిక మొదటి పేజీ, మీ ఈమెయిల్, వీటి నకళ్లు జతచేశాను. నివేదికలోని మిగతా పేజీలు మీకు మళ్లీ పంపను.

గ్రూపులో ఉన్న పిల్లల ఫొటోలకు మాత్రం 30 రోజుల గడువు వర్తించదు. వాటిని ఈ లేఖ అందిన రోజే తొలగించి, విద్యార్థుల ఫోన్లలోంచి కూడా తీసేయమని చెప్పండి. వారం రోజుల్లో అది జరగకపోతే ఆ విషయం బాలల సంక్షేమ కమిటీకి నేనే స్వయంగా తెలియజేస్తాను.

ఇట్లు,
మీ 2024 జూన్ బ్యాచ్ విద్యార్థిని