చిన్న కుక్కపిల్లలకు ఇక మొదటిరోజే కటింగ్ లేదు

హన్మకొండ, కాజీపేట నుంచి మన షాపుకు వచ్చే పాత కస్టమర్లందరికీ నమస్తే. నాలుగు నెలలు నిండని పిల్లలకు మొదటిసారి స్నానం, కటింగ్ రెండూ ఆపేశాను. ఫోన్లో కొందరు గట్టిగానే అడిగారు కాబట్టి కారణం రాస్తున్నా.

టీకాల కోర్సు పూర్తయ్యేసరికి దాదాపు 16 వారాలు పడుతుంది. ఈలోపు పార్వో భయం, అది కుక్కపిల్లల ప్రాణం తీసే వైరస్ జబ్బు. ఆ వైరస్ నేల మీద నెలల తరబడి బతుకుతుంది, మామూలు ఫినాయిల్‌కు లొంగదు, బ్లీచింగ్ పడాల్సిందే. పోనీ టీకాలయ్యేదాకా ఆగుదామా అంటే, కొత్త చేతులు, కొత్త చప్పుళ్లు సులువుగా అలవాటయ్యేది 14 వారాల లోపే. వెంట్రుకలు పెరుగుతూనే ఉండే షిట్జూ జాతికి బతికినన్నాళ్లూ కటింగ్ తప్పదు, బెదిరితే ప్రతిసారీ యుద్ధమే. ఎటూ తేలక చాలా రాత్రులు నిద్రపట్టలేదు.

చివరికి ఇలా అనుకున్నా. మంగళవారం పొద్దున పిల్లలు మాత్రమే, అదీ ఒక్కొక్కటిగా. టీకా రెండో డోసు పడి వారం దాటాలి. బ్రష్ వాసన చూడనిస్తా, పాదం పట్టుకుని వదులుతా, క్లిప్పర్ (కటింగ్ మిషన్) ఆన్ చేసి, బ్లేడు తగలకుండా మిషన్ వెనకవైపును పిల్ల భుజానికి ఆనిస్తా. ఉడికించిన చికెన్ ముక్క మూతి ముందు పెట్టినా ముట్టలేదంటే భయపడ్డట్టే, అక్కడితో ఆపేస్తా.

"ఏం చెయ్యకుండానే పైసలా?" అన్నాడొకాయన. మనసుకు తగిలింది. ఆ అరగంటే అసలు పని. రేటు తగ్గించను.

ఇక డ్రయ్యర్ సంగతి. పిల్లల కోసమని స్పీడు తగ్గించుకునేది కావాలని హైదరాబాద్ డీలర్‌కు అడ్వాన్స్ కట్టా. వచ్చినదానికి ఒకటే స్పీడు, ఆన్ చేస్తే పాత ఆటో స్టార్ట్ చేసినంత మోత. "కుక్కకేం తెలుస్తది సార్" అన్నాడు. ఎందుకు తెల్వదు? మనకు వినపడని సన్నని చప్పుళ్లు కూడా దానికి వినపడతాయి. వాపసు తీసుకోనని ఆయన, మిగతా పైసలు కట్టనని నేను. బిల్లు మీద మోడల్ పేరు స్పష్టంగా ఉంది, నేను దిగేది లేదు. సరైనది వచ్చేదాకా, స్నానం వయసొచ్చిన పిల్లలను కూడా తువ్వాలుతోనే తుడుస్తా. టైమ్ పడుతుంది, ఓపిక పట్టాలి.

ఇంట్లో రోజూ కాసేపు చెవులు, కాళ్లు నిమురుతూ ఉండండి. టీకా కార్డు తెండి, స్టిక్కరు, తేదీ కనపడాలి. పిల్లను ఎత్తుకునే రండి, షాపు ముందు కింద దింపొద్దు.