నాయనమ్మ కాసులపేరు కరిగించే ముందు

మచిలీపట్నం

చిన్నీ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన డిజైన్ చూశాను. బాగుంది. మెడకి పట్టి ఉండే కంటె, అంచున గుత్తపూసలు (గుత్తులుగా కట్టిన చిన్న ముత్యాలు), మధ్యలో పచ్చ. అమ్మకైతే నాకన్నా ఎక్కువ నచ్చింది, అప్పుడే పక్కింటావిడకి చూపించేసింది కూడా. అయితే దీనికోసం నాయనమ్మ కాసులపేరు, పతకం రెండూ కరిగిస్తానని రాశావు. ఫోన్లో చెబితే "సరే నాన్నా" అని పెట్టేస్తావు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

కరిగించడం పాపమనే మనిషిని కాను. మన ఇళ్లలో బంగారం ఎప్పుడూ కరుగుతూనే ఉంది. ఆ కాసులపేరు కూడా నాయనమ్మ కొత్తగా కొన్నది కాదు, వాళ్లమ్మ దండకడియాలు ఇచ్చి చేయించుకున్నదే. నగ లాకర్లో పడి ఉండటం కన్నా నీ మెడలో ఉండటమే నాకిష్టం. కాకపోతే పెట్టెలో ఉన్నవన్నీ ఒక రకం కాదు. కొన్నిట్లో బంగారం తప్ప ఏమీ లేదు, కొన్నిట్లో బంగారమే తక్కువ.

బ్యాంకులో బంగారు అప్పుల సీటులో చాలాకాలం కూర్చున్నవాణ్ణి, నగని నేను చూసే తీరు కొంచెం మోటుగా ఉంటుంది. తెచ్చినావిడ హారం ఎంత అందంగా ఉందో చూసేవాళ్లం కాదు. రాళ్ల బరువు తీసేయ్, లక్క బరువు తీసేయ్, మిగిలిందెంత, అందులో మచ్చు, అంటే బంగారం నాణ్యత, ఎంత, అంతే. మజూరీకి పైసా విలువ కట్టేవాళ్లం కాదు. మూసలో వేసినా జరిగేది అదే. అందుకని కరిగించే ముందు ఒక్కటే అడగాలి: ఈ వస్తువులో పనితనం ఉందా, లేదా?

ఆ లెక్కన చూస్తే సొట్టలు పడ్డ నాలుగు గాజులు, తెగిపోయిన గొలుసు, జత పోయిన జుంకీ హాయిగా కరిగించు. వాటి మీద బెంగ ఎవరికీ లేదు. పతకం మాత్రం ముట్టుకోకు. అది నక్షి పని. రేకుని లక్క మీద అతికించి, సన్నటి ఉలులతో కొట్టి కొట్టి ఆ లక్ష్మిని, అటూ ఇటూ నెమళ్లని లేపారు. లోపల లక్క నింపి ఉంది కాబట్టి తూకంలో బరువుగా కనిపిస్తుంది, కరిగిస్తే చేతికి వచ్చే బంగారం చూసి నువ్వే ఆశ్చర్యపోతావు. అదే పని ఇవాళ చేతితో చేయించాలంటే మజూరీ ఎంత అడుగుతారో ఒకసారి కనుక్కో.

ఇక కాసులపేరు. నాయనమ్మ "పది కాసులది" అనేది, అంటే కాసుకి 8 గ్రాముల చొప్పున 80 గ్రాములు. బిళ్లలు ఒక్కొక్కటీ పల్చటివే, విడివిడిగా రింగులతో కూర్చి ఉన్నాయి. అంటే దీన్ని మార్చాలంటే కరిగించక్కర్లేదు, విప్పితే చాలు. సగం బిళ్లలతో నీకు మెడ దగ్గర కూర్చునే పొట్టి పేరు వస్తుంది. మిగిలిన వాటిలో రెండు చెవులకి, కొన్ని చేతి గొలుసుకి పెట్టుకోవచ్చు. ఇంకా మిగిలితే అలాగే దాచు. కావాలనుకుంటే రేపు మళ్లీ అన్నీ కలిపి పొడుగు పేరు చేసుకోవచ్చు. కరిగించాక ఆ దారి ఉండదు.

డబ్బు లెక్క కూడా చెబుతాను, నాకు అది చెప్పకపోతే తోచదు. పాత నగ 22 క్యారెట్లదని ఇంట్లో అందరం అనుకుంటాం. కానీ అతుకుల్లో టంకం ఉంటుంది, రిపేరు చేసినప్పుడల్లా ఇంకొంచెం చేరుతుంది. పరీక్షలో 21 క్యారెట్లు వచ్చిందనుకో. 80 గ్రాములకి 22 క్యారెట్లయితే మేలిమి బంగారం 73 గ్రాములకి పైనే, 21 అయితే సరిగ్గా 70. మూడు గ్రాములకి పైగా అక్కడే పోయింది. తర్వాత కొత్త నగకి తరుగు, అంటే పనిలో పోయే బంగారానికని కొట్టువాళ్లు కలిపే లెక్క. 50 గ్రాముల నగకి 15 శాతం అన్నారంటే ఏడున్నర గ్రాముల ధర. ఆ పైన రాళ్ల ఖరీదు, 3 శాతం జీఎస్టీ. వీటిలో ఏదీ మోసం కాదు, వ్యాపారమే. తెలిసి ఇవ్వాలని చెబుతున్నాను.

కరిగించాలనుకున్నవి కూడా కొట్టుకి తీసుకెళ్లే ముందు బీఐఎస్ (ప్రభుత్వ ప్రమాణాల సంస్థ) గుర్తింపు ఉన్న హాల్‌మార్కింగ్ సెంటర్లో పరీక్ష చేయించు. నాలుగు వస్తువుల దాకా 200 రూపాయలు తీసుకుంటారు. కొట్లో పెట్టే మిషను పైపొరని మాత్రమే చదువుతుంది, లోపల ఏముందో దానికి తెలియదు. రాళ్లుంటే నీ కళ్ల ముందే తీయించి, విడిగా తూకం వేయించి, ఇంటికి తెచ్చుకో. పాత కెంపులు చిన్నవే కావచ్చు, అయినా మనవి మనకి కావాలి.

ఇప్పుడు నీ డిజైన్ సంగతి. కంప్యూటర్లో గీసిన బొమ్మ తెర మీద అరచేయంత కనిపిస్తుంది, వస్తువుగా వచ్చాక రూపాయి బిళ్లంత ఉంటుంది. కాబట్టి కొలతలు మిల్లీమీటర్లలో అడిగి, కాగితం మీద అదే సైజులో కత్తిరించి మెడ దగ్గర పెట్టి అద్దంలో చూసుకో. తర్వాత వాళ్లు మైనంతో నమూనా తీస్తారు, దాన్నిబట్టే పోత పోస్తారు. మైనం నమూనా చూపించకుండా పోత పోయొద్దని ముందే చెప్పు. మైనం దశలో మార్పు అంటే మళ్లీ గీయడమే, పోత అయ్యాక మార్పు అంటే మళ్లీ తరుగు. వెనకవైపు కూడా చూడు. చర్మానికి తగిలే అంచులు నునుపుగా లేకపోతే ఒక్క పెళ్లికి పెట్టుకుని మళ్లీ తీయవు. మెడ వెనక కొక్కెం కాకుండా తాడు పెట్టించుకుంటే చీరకి ఒక ఎత్తులో, డ్రెస్సుకి ఒక ఎత్తులో కట్టుకోవచ్చు.

ఇంకోటి, మధ్యలో పచ్చ ఉన్న బిళ్లని ఊడదీసి పెట్టుకునేలా చేయమను. ఒకరోజు కంటెకి, ఒకరోజు వట్టి గొలుసుకి. నాయనమ్మ పతకానికి కూడా అదే కొక్కెం సరిపోయేలా చేయిస్తే పాతదీ కొత్తదీ రెండూ ఆడతాయి. అతుకులు తక్కువ, కొక్కేలు ఎక్కువ ఉన్న నగ మంచిదని నా అభిప్రాయం. రిపేరు సులువు, నీ తర్వాతివాళ్లకి మార్చుకోవడమూ సులువు.

ఆర్డరు ఇచ్చేటప్పుడు కాగితం మీద రాయించుకోవాల్సినవి: మొత్తం బరువు, నికర బరువు, రాళ్ల బరువు, తరుగు శాతం, బంగారం రేటు ఏ రోజుది, ఎప్పుడిస్తారు. నోటిమాట వద్దు. ఎంత తెలిసిన కొట్టయినా సరే, నిన్ను చిన్నప్పుడు ఎత్తుకున్న ఆచారి గారైనా సరే. తీసుకునేటప్పుడు నగ మీద మూడు గుర్తులుండాలి: బీఐఎస్ ముద్ర, 22కే916 (22 క్యారెట్లు, అంటే 91.6 శాతం బంగారం), అక్షరాలూ అంకెలూ కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ, అంటే ఆ ఒక్క నగకే ఉండే గుర్తింపు నంబరు. 2023 ఏప్రిల్ 1 నుంచి ఈ నంబరు లేకుండా కొట్లో కొత్త నగ అమ్మకూడదు. బీఐఎస్ కేర్ యాప్‌లో నంబరు కొడితే వివరాలు వస్తాయి. కుందన్, పోల్కీ, జడావు నగలకి మాత్రం ఈ నిబంధన లేదు, కాబట్టి ఎవరైనా అన్‌కట్ హారం (సానపట్టని వజ్రాల పోల్కీ) చూపిస్తే బిల్లు ఇంకా జాగ్రత్తగా చదువు. కేడీఎం అని గొప్పగా చెబితే మురిసిపోకు. అది కాడ్మియంతో వేసిన అతుకు, ఆ పొగ పీల్చిన పనివాళ్ల ఊపిరితిత్తులు పాడవుతాయి.

పచ్చ కొనేటప్పుడు ల్యాబ్ సర్టిఫికెట్ అడుగు. పచ్చల్లో సహజంగానే సన్నటి పగుళ్లుంటాయి, అవి కనపడకుండా నూనె పట్టిస్తారు. అది తప్పేం కాదు, అందరూ చేసేదే. అందుకే పచ్చల నగని వేడి నీళ్లలో వేయకూడదు, కొట్లో అల్ట్రాసోనిక్ మిషన్లో కడుగుతామంటే వద్దనాలి. నూనె పోతే పగుళ్లు బయటపడతాయి. నాయనమ్మ పతకానికైతే నీళ్లే తగలనివ్వకు, లోపలి లక్క దెబ్బతింటుంది, రాళ్ల వెనక రేకు నల్లబడుతుంది. పొడి మెత్తటి బట్టతో తుడిస్తే చాలు. రాళ్లు లేని గొలుసులు, గాజులు మాత్రం గోరువెచ్చటి కుంకుడు రసంలో కాసేపు ఉంచి, మెత్తటి బ్రష్‌తో రుద్ది, మంచినీళ్లలో కడిగి ఆరబెట్టు. నాయనమ్మ చేసిందీ అదే, దానికి మించిన లిక్విడ్ నేను చూడలేదు.

ముత్యాలు అన్నిటికన్నా సుకుమారం. సెంటు, హెయిర్ స్ప్రే, శానిటైజర్, చెమట, ఏదీ పడదు. అన్ని అలంకారాలూ అయ్యాక చివర్న పెట్టుకో, ఇంటికి రాగానే ముందు అవే తీసి తుడిచిపెట్టు. గుత్తపూసలు సన్నటి తీగకి గుచ్చి ఉంటాయి, ఎక్కడైనా తీగ వదులైతే పెట్టుకోవడం ఆపి బాగు చేయించు. పెళ్లిళ్లలో మంగళస్నానాల దగ్గరికి ముత్యాలతో వెళ్లకు, పసుపు పట్టిందంటే వదలదు. నువ్వు ఈతకెళ్తావు కదా, ఆ నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, ఉంగరం కూడా తీసే దిగు. పాదరసం థర్మామీటరు పగిలితే ఒంటి మీద బంగారం తీశాకే తుడువు, పాదరసం తగిలిన చోట బంగారం తెల్లబడిపోతుంది.

అన్నీ ఒకే డబ్బాలో కుమ్మేయడం నీ అలవాటు, అమ్మ అలవాటూ అదే. వజ్రం పక్కనున్న ప్రతిదాన్నీ గీస్తుంది. విడివిడిగా మెత్తటి నూలు బట్టలో చుట్టి పెట్టు. ఏడాదికోసారి చెవి దగ్గర పెట్టి మెల్లగా ఆడించి చూడు, రాయి వదులైతే చప్పుడవుతుంది. సీలలు బిగుతుగా ఉన్నాయా, కాసుల రింగులు అరిగాయా చూసుకో. బుట్టలు బరువైతే మాటీలు పెట్టుకో, తమ్మెలు సాగాక కుట్లు వేయించుకోవాల్సిందే. రోజూ ఆఫీసుకైతే మన చిలకలపూడి రోల్డ్ గోల్డ్ పెట్టుకో. పోతే బాధ లేదు, పైగా మన ఊరి సరుకు.

లాకర్లో పెట్టాం కదా అని నిశ్చింతగా ఉండకు. అగ్నిప్రమాదమో, దొంగతనమో జరిగితే బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకి 100 రెట్ల వరకే. అద్దె 2,000 అయితే 2 లక్షలు. బ్యాంకువాణ్ణి కాబట్టి ఇది చెప్పడం నా ధర్మం. ఇన్సూరెన్స్ విడిగా తీసుకో, ప్రతి నగకీ పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసి, బిల్లుతో కలిపి దాచు.

పండక్కి వచ్చినప్పుడు పెట్టె తెరుద్దాం. ఈలోగా నీ మెడ కొలత, ఆ కంటె ఎంత కిందకి రావాలో రాసి పంపు. కాసులపేరు విప్పి కూర్చడానికి ఇక్కడి ఆచారి గారిని అడిగాను, చేసిస్తానన్నారు. చెవులకి ఏ బిళ్లలు తీయాలో మాత్రం నువ్వే కూర్చుని ఎంచుకోవాలట. బిళ్లల మీద లక్ష్మి ముఖాలు కొన్నిటికి బాగా అరిగిపోయాయి, వాటిని మెడ వెనక్కి వేస్తామన్నారు.

అమ్మ గుత్తపూసలు రెండు వరసలు పెట్టించమంటోంది. నాకు ఒకటే చాలనిపిస్తోంది. మీరిద్దరూ తేల్చుకోండి.

నాన్న