తలనొప్పి, కడుపునొప్పి, చిరాకు: రెండు వారాలు నిద్ర లెక్క రాద్దాం

తల్లిదండ్రులకు నమస్కారం.

సోమవారం రెండో పీరియడ్ అయ్యేసరికి మన సిక్ రూమ్‌లో మంచాలు చాలవు. ఒకరికి తలనొప్పి, ఒకరికి కడుపులో తిప్పడం, ఇంకొకరికి కళ్లు తిరగడం. థర్మామీటర్ పెడితే జ్వరం ఉండదు. గురువారానికి ఆ రద్దీ బాగా తగ్గిపోతుంది. ఈ పిల్లల్లో కొందరికి ఇంట్లోవాళ్లు అప్పటికే రక్తపరీక్షలు, కళ్ల పరీక్ష, స్కానింగ్ కూడా చేయించి ఉంటారు. రిపోర్టులన్నీ నార్మల్. నొప్పి మాత్రం అలాగే ఉంటుంది. ఇక అక్కణ్నుంచి ఇంట్లో రెండే మాటలు: ఎవరి దిష్టో తగిలింది, లేకపోతే బడి ఎగ్గొట్టడానికి నాటకం.

దిష్టి తీయదలిస్తే తీయండి. నాటకం అని మాత్రం దయచేసి అనకండి. నిద్ర చాలనప్పుడు నొప్పిని ఓర్చుకునే శక్తి తగ్గుతుంది. మామూలు రోజున పట్టించుకోని చిన్న బాధ ఆ రోజు నిజంగానే నొప్పిగా తెలుస్తుంది. ఆలస్యంగా లేచిన పిల్ల టిఫిన్ వదిలేసి బస్సెక్కుతుంది, ఖాళీ కడుపు ఆ తలనొప్పిని ఇంకా పెంచుతుంది. పెద్దవాళ్లకు నిద్ర లేకపోతే తూగు వస్తుంది. చిన్నపిల్లలు తూగరు, గెంతుతారు. ఒకచోట కూర్చోరు, పెన్సిల్ విరిగినా ఏడుస్తారు. అందుకే నిద్ర మీదకు ఎవరికీ అనుమానం పోదు. నిన్న అప్పజెప్పిన ఎక్కం ఇవాళ తప్పడం, కారణం లేకుండా స్నేహితులతో గొడవ, పెద్ద తరగతుల పిల్లల్లో దిగులు, "నావల్ల కాదు" అనడం కూడా ఇందువల్ల కావచ్చు.

అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో చెప్పిన లెక్క ఇది: 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటలు, 13 నుంచి 18 ఏళ్లవారికి 8 నుంచి 10 గంటలు. దీన్ని మన బస్సు టైముతో కలిపి చూడండి. మధురవాడలోనో గాజువాకలోనో 7:10కి బస్సెక్కాలంటే 6:15కి లేవాలి. మూడో తరగతి పిల్లకు కనీసం 9 గంటలంటే రాత్రి 9:15కల్లా నిద్ర పట్టేసి ఉండాలి. పడుకోగానే ఎవరికీ నిద్ర పట్టదు కాబట్టి 8:50కి లైటు ఆరాలి. అన్నం 7:30 దాటకూడదు. ఇదీ కనీసం లెక్కే, చాలామంది పిల్లలకు ఇంకో గంట కావాలి.

ఇది కష్టమని మాకు తెలుసు. స్టీల్ ప్లాంట్‌లో బి షిఫ్టు దిగి నాన్న ఇల్లు చేరేసరికి పదిన్నర దాటుతుంది, నాన్నను చూడకుండా పడుకోనని పిల్లలు మారాం చేస్తారు. ఆ వారం నాన్న పొద్దున్న బస్సు దాకా వచ్చి దింపితే ఇద్దరికీ ఆ పావుగంట దక్కుతుంది, రాత్రి నిద్ర చెడదు.

సోమవారమే ఎందుకు?

శనివారం రాత్రి పన్నెండు దాకా టీవీ, ఆదివారం పది దాకా పడక. అంటే ఒంట్లోని గడియారం వెనకబడింది. ఆదివారం రాత్రి తొమ్మిదికి పడుకోబెడితే ఆ పిల్లవాడి శరీరానికి అది ఇంకా నిద్ర వేళ కాదు. పదకొండు దాకా దొర్లుతాడు, సోమవారం ఆరింటికి లేపుతాం. వారమంతా పడిన నిద్ర బాకీ ఆదివారం ఒక్కరోజులో తీరదు సరికదా, సోమవారం మరింత బరువవుతుంది. సెలవురోజున ఒక గంటకు మించి ఆలస్యంగా లేవనివ్వకండి. అంతగా అలసిపోతే మధ్యాహ్నం అరగంట లోపు కునుకు తీయనివ్వండి, అదీ నాలుగు గంటల లోపే.

రెండు వారాల నోటుబుక్కు

ఏదీ మార్చకముందు 14 రోజులు రాయండి. రోజుకు ఒక్క వరుస చాలు, ఇలా:

"మంగళ. లైటు 9:40. నిద్ర సుమారు 10:15. రాత్రి 3కి లేచాడు, ఉక్కపోత. 6:20కి లేపాం, మూడుసార్లు పిలిస్తే లేచాడు. టిఫిన్ సగం. టీ సాయంత్రం 5. తలనొప్పి బడిలో 10:30కి, బాధ 3కి 2."

నొప్పి ఎంత ఉందో 0 నుంచి 3 వరకు పిల్లలనే చెప్పమనండి. మీరు వేయకండి. నిద్ర తక్కువైన రాత్రి తర్వాతి రోజే బాధ పెరుగుతోందా అన్నది రెండు వారాల్లో కంటికి కనబడుతుంది. కనబడకపోతే అదీ పనికొచ్చే సమాచారమే, డాక్టరు వేరే వైపు వెతుకుతారు.

మార్చడం మొదలుపెట్టేటప్పుడు ఎక్కువ ఇళ్లలో జరిగే పొరపాటు ఒకటే. పదకొండుకు పడుకునే పిల్లను మర్నాటి నుంచే తొమ్మిదికి పడుకోబెడతారు. నిద్ర రాదు, చీకట్లో భయాలూ పరీక్షలూ గుర్తొస్తాయి, పడకంటేనే విసుగు పుడుతుంది. మూడో రోజుకు అందరూ వదిలేస్తారు. పొద్దున లేచే టైము ముందు ఖాయం చేయండి, ఆదివారమైనా గంటకు మించి తేడా రాకూడదు. లేచిన వెంటనే 15, 20 నిమిషాలు డాబా మీదో బాల్కనీలోనో వెలుతురులో ఉంచండి. మన విశాఖలో జూన్‌లో ఐదున్నర కాకముందే, జనవరిలోనూ ఆరున్నర ప్రాంతానికే తెల్లవారుతుంది కాబట్టి బడి ఉన్న రోజున కూడా ఇది వీలవుతుంది. ఆ తర్వాత లైటు ఆర్పే టైమును మూడు రోజులకోసారి 15 నిమిషాల చొప్పున ముందుకు జరపండి. పదకొండు నుంచి తొమ్మిదికి రావడానికి 24 రోజులు పడుతుంది. తొందరపడితే మళ్లీ మొదటికే వస్తుంది.

ఫోన్లు, ట్యాబులు పడుకోవడానికి గంట ముందే హాల్లో చార్జింగ్‌కి పెట్టేయాలి, మీవి కూడా. అలారం కోసం ఫోన్ కావాలంటారు. మామూలు అలారం గడియారం కొనివ్వండి. స్క్రీన్‌ను పసుపు రంగులోకి మార్చాం కదా అనుకోవద్దు, వెలుగు తగ్గినా ఆట, చాటింగ్ మెదడును మేలుకొలిపే ఉంచుతాయి. సాయంత్రం టీ, కాఫీ, కోలా పూర్తిగా మానిపించండి. పెద్దవాళ్ల ఒంట్లోనే కెఫీన్ సగానికి తగ్గడానికి దాదాపు 5 గంటలు పడుతుంది. అయిదింటికి తాగిన టీ పదింటికీ పనిచేస్తూనే ఉంటుంది.

మన ఊరి ఉక్కపోత గురించి ప్రత్యేకంగా చెప్పాలి. చాలామంది ఏసీకి టైమర్ పెట్టి రెండింటికి ఆగేలా చూస్తారు. తలుపులు, కిటికీలు మూసే ఉంటాయి, ఫ్యాన్ ఆపేసి ఉంటుంది. మూడింటికల్లా గది ఉడికిపోయి పిల్లలు చెమటతో లేస్తారు, పొద్దున అడిగితే వాళ్లకే గుర్తుండదు. టైమర్ తీసేసి 26 డిగ్రీల మీద, ఫ్యాన్ చిన్నగా తిరిగేలా రాత్రంతా ఉంచడం మేలు. ఏసీ లేని ఇంట్లో దోమతెర కట్టి కిటికీలు తీసి ఉంచండి.

గురక పెడితే

అలసిపోయి గాఢంగా నిద్రపోతున్నాడని మురిసిపోవద్దు. జలుబు లేనప్పుడు కూడా వారంలో మూడు రాత్రులు లేదా అంతకు మించి గురక, నోరు తెరిచి నిద్రపోవడం, తల వెనక్కి వాల్చి పడుకోవడం, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవడం, లేస్తూనే తలనొప్పి: ఇవి ఉంటే టాన్సిల్స్ లేదా ముక్కు వెనకున్న అడినాయిడ్లు వాచి ఊపిరికి అడ్డుపడుతున్నాయేమో చూపించాలి. ఇలాంటి పిల్లలు పది గంటలు పడుకున్నా నిద్ర చాలదు, ఊపిరి అందక మెదడు మాటిమాటికీ మేలుకుంటుంది. ఛాతీ కనబడేలా చొక్కా కొంచెం పైకి తీసి, రెండు నిమిషాలు ఫోన్‌లో వీడియో తీయండి. తెల్లవారుజామున నాలుగు, ఐదు మధ్య తీస్తే మంచిది, కలలు ఎక్కువగా వచ్చే ఆ వేళలోనే ఈ ఇబ్బంది పెరుగుతుంది. గురక మధ్యలో ఆగి, ఛాతీ లోపలికి గుంజుకుని, ఒక్కసారిగా ఊపిరి తీసుకోవడం కనబడితే ఆ వీడియోతో ఈఎన్‌టీ డాక్టరు దగ్గరకు వెళ్లండి.

పడుకోగానే కాళ్లు పీకుతున్నాయి, కదపకుండా ఉండలేకపోతున్నాను అనే పిల్లలకు ఇనుము తక్కువై ఉండొచ్చు. హిమోగ్లోబిన్ ఒక్కటే చూసి సరిపెట్టకుండా ఒంట్లో ఇనుము నిల్వను చూపే ఫెరిటిన్ పరీక్ష కూడా అవసరమా అని డాక్టరును అడగండి. అన్నంతో పాటు టీ తాగితే ఇనుము ఒంటికి సరిగా పట్టదు.

తొమ్మిది, పది తరగతుల తల్లిదండ్రులకు ఒక మాట. ఈ వయసులో నిద్ర వచ్చే వేళ సహజంగానే ఒకటి రెండు గంటలు ఆలస్యమవుతుంది, అది బద్ధకం కాదు. తెల్లవారుజామున నాలుగింటికి లేపి చదివించడం మన ఇళ్లలో పాత అలవాటు. అప్పట్లో ఎనిమిదిన్నరకే దీపం ఆర్పేవారు. కోచింగ్ నుంచి వచ్చి పదకొండున్నరకు పడుకున్న పిల్లను నాలుగింటికి లేపితే నాలుగున్నర గంటలే మిగులుతాయి. చదివింది మెదడులో కుదురుకునేది నిద్రలోనే. ఆ చదువు నిలవదు.

నిద్ర మందులు, మెలటోనిన్ (నిద్ర హార్మోన్) గమ్మీలు, దగ్గు సిరప్‌లు నిద్ర కోసం మీ అంతట మీరు ఇవ్వకండి. తలనొప్పి మాత్రలు నెలలో సగం రోజులు వాడుతూ పోతే ఆ మాత్రలే తలనొప్పి తెచ్చిపెడతాయి.

నోటుబుక్కు పక్కనపెట్టి వెంటనే డాక్టరు దగ్గరకు వెళ్లాల్సినవి కూడా ఉన్నాయి. నిద్రలోంచి లేపేసేంత తలనొప్పి, పొద్దున్నే వాంతులు, చూపు మసకబారడం లేదా రెండుగా కనబడడం, ఫిట్స్, స్పృహ తప్పడం, బరువు తగ్గిపోవడం, మలంలో రక్తం, ఒకేచోట పెరిగే కడుపునొప్పి. జ్వరంతో ఒళ్లు నొప్పులుంటే అది నిద్ర సంగతి కాదు, డెంగీ పరీక్ష చేయించాలి. అత్యవసరమైతే 108. చచ్చిపోవాలనుంది అనో, నేను లేకపోతే బాగుండు అనో పిల్లలు అంటే కొట్టిపారేయకండి, ఒంటరిగా వదలకండి. ప్రభుత్వ మానసిక సహాయ ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416కి ఏ వేళనైనా ఫోన్ చేయొచ్చు. మన ఊళ్లో కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి), చిన వాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి.

బడి వైపు నుంచి మేము చేస్తున్నవి: రాత్రి ఏడు దాటాక వాట్సాప్ గ్రూపుల్లో హోంవర్కు పెట్టం. సోమవారం యూనిట్ టెస్టులు ఉండవు. క్లాసులో కునికిపాట్లు పడిన పిల్లలను బెంచీ ఎక్కించం, సిక్ రూమ్ రిజిస్టరులో ఎన్నింటికి పడుకున్నారో, టిఫిన్ తిన్నారో లేదో రాసి అదే రోజు మీకు ఫోన్ చేస్తాం. వచ్చే పేరెంట్స్ మీటింగ్‌కి మీ నోటుబుక్కు తీసుకురండి. మా రిజిస్టరు పక్కన పెట్టి, పిల్లల వారీగా కలిసి చూద్దాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు
విశాఖపట్నం