ముందు పాటకి టైము అడుగు

చిట్టితల్లీ,

నీ మెయిలు చూశాను. చర్మవైద్యుల సదస్సుకి పిలిచారనీ, జుట్టు రాలిపోయిన ఆడవాళ్ల తరఫున గంటసేపు మాట్లాడమన్నారనీ, పాట సంగతి ఎత్తితే "చివర్లో వీలుంటే చూద్దాం" అన్నారనీ రాశావు. ఏం చేయమంటావు నాన్నా అని అడిగావు. ఫోన్లో అయితే నీ గొంతు వినగానే సగం మర్చిపోతాను, అందుకే కూర్చుని రాస్తున్నాను. వెళ్లు. కానీ పాటకి టైము ముందే ఖాయం చేసుకుని వెళ్లు.

ఇది నా కూతురి పాట వినిపించుకోవాలన్న ముచ్చట మాత్రమే అనుకోకు. విగ్గు పెట్టుకుని నువ్వు పాడిన రోజుల్లో నేను సౌండ్ మిక్సర్ పక్కన నిలబడేవాణ్ణి కదా. వయొలిన్ వాయించే అబ్బాయి వైపు చూడాల్సి వస్తే నువ్వు మెడ తిప్పేదానివి కాదు, భుజాలతో సహా మనిషి మొత్తం తిరిగేదానివి. లైట్ల వేడికి లోపలి టోపీ తడిసి ఎక్కడ జారుతుందోనని నీ భయం. హెడ్‌సెట్ మైకు తీగ విగ్గు అంచుకి రాసుకుని స్పీకర్లలో గరగరమనేది. చెవుల మీద ఎలాస్టిక్ బిగుసుకుని, నీ పాట నీకు వినిపించే చెవి మానిటర్ సరిగ్గా కూర్చునేది కాదు, నీ శ్రుతి మీద నీకే అనుమానం వచ్చేది. మెడ బిగిస్తే గొంతూ బిగుసుకుంటుంది. తారస్థాయికి వెళ్లేసరికి నీ స్వరం సన్నబడిపోతుంటే, సాధన తగ్గించిందని అనుకున్నవాళ్లు ఉన్నారు. విగ్గు లేకుండా పాడిన మొదటి కచేరీలో పై షడ్జమం మీద తల వెనక్కి వాల్చి నిలబడ్డావు చూడు, అప్పుడు జనం నీ ధైర్యానికి చప్పట్లు కొట్టారు. నేను ఆ షడ్జమానికి కొట్టాను.

డాక్టర్లకి ఈ సంగతి చెప్పు. వాళ్లకి తల కనిపిస్తుంది, తక్కినవి కనిపించవు. కనుబొమలు పోతే నుదుటి చెమట నేరుగా కళ్లలోకి దిగుతుందని, రెప్పవెంట్రుకలు లేక స్టేజీ దుమ్ముకి కళ్లు మండుతాయని, ముక్కులో వెంట్రుకలు రాలిపోయాక పాట మధ్యలో ముక్కు కారుతుందని ఎంతమందికి తెలుసు? ఒక గాయనికి ఇవన్నీ వృత్తి కష్టాలు. ఇన్సూరెన్స్ వాళ్లు మాత్రం అందం కోసమని కొట్టిపారేస్తారు.

ఇంకో మాట. నీ మాట వినేవాళ్లలో ప్రతి ఒక్కరికీ నీకున్న జబ్బే ఉండదు. నీది అలోపేసియా ఏరియేటా: ఒంట్లోని రక్షణ వ్యవస్థే కుదుళ్ల మీద దాడి చేస్తుంది. దీనికి పేలతో సంబంధం లేదు, నూనె రాయకపోవడంతోనూ లేదు. నూటికి ఇద్దరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు వస్తుందంటారు. కుదురు చావదు కాబట్టి మళ్లీ మొలిచే అవకాశం ఉంటుంది. పెద్ద జ్వరం తర్వాతో, కాన్పు తర్వాతో రెండు మూడు నెలలకి కుచ్చులు కుచ్చులుగా రాలేది వేరు, అది చాలావరకు దానంతటదే తగ్గుతుంది. ఏళ్ల తరబడి బిగించి కట్టడంవల్ల నుదుటి అంచున పలచబడేది వేరు. మచ్చ కట్టి కుదురునే చంపేసే రకాలు కొన్ని ఉన్నాయి. వాటికి ఆలస్యం చేస్తే పోయిన జుట్టు తిరిగి రాదు. అలాంటి రకం ఉన్న మనిషి నీ కథ విని "నాదీ అదే" అనుకుని డాక్టరు దగ్గరికి వెళ్లడం మానేస్తే నష్టం చాలా పెద్దది. అందుకని ప్రతి వేదిక మీదా ఈ ఒక్కటీ తప్పకుండా చెప్పమని నా కోరిక.

మందుల విషయంలో కూడా నిదానంగా మాట్లాడు. అమెరికాలో 2022లో బారిసిటినిబ్‌ని, 2023లో పన్నెండేళ్లు దాటినవాళ్లకి రిట్లెసిటినిబ్‌ని తీవ్రమైన ఏరియేటాకి అనుమతించారు. కొందరికి నిండుగా మొలుస్తుంది, కొందరికి మొలవదు. ఆపేస్తే మళ్లీ రాలొచ్చు, ఇన్ఫెక్షన్ల భయమూ ఉంది. వాడాలా వద్దా అన్నది నువ్వూ నీ డాక్టరూ తేల్చుకునే విషయం. వేదిక మీద ఎవరైనా అడిగితే జవాబు చెప్పి తీరాలని లేదు.

విగ్గు పెట్టుకునేవాళ్ల గురించి ఒక్క పొల్లు మాట కూడా నీ నోట రాకూడదు. రాదని తెలుసు, అయినా నాన్నని కదా, చెప్తాను. అమెరికా కాంగ్రెస్ సభ్యురాలు అయానా ప్రెస్లీ 2020 జనవరిలో వీడియోలో విగ్గు తీసి తన తల చూపించింది. అంతకు ముందు నెలలో, సభలో అధ్యక్షుడి మీద ఇంపీచ్‌మెంట్ (అభిశంసన) ఓటింగుకి ముందు రాత్రి ఆమె తల మీద మిగిలినదంతా రాలిపోయింది. మర్నాడు విగ్గు పెట్టుకుని వెళ్లి ఓటు వేసి, బయటికొచ్చి బాత్రూములో దాక్కున్నానని ఆమే చెప్పింది. నాకైతే ఆ వీడియో ఎంత గొప్పదో, విగ్గుతో వెళ్లి పని పూర్తిచేసుకొచ్చిన ఆ రోజూ అంతే గొప్పది.

ఇక పాటల సంగతి. జుట్టు రాలిన ఏడాదే నువ్వు సొంతంగా రాయడం మొదలుపెట్టావు. అంతకు ముందు ఎవరి పాట ఇచ్చినా చక్కగా పాడేదానివి, అంతే. మొదట రాసినవాటిలో కోపం ఎక్కువ, చరణం నిండా మాటలే, ఊపిరి తీసుకోవడానికి చోటుండేది కాదు. ఆ అద్దం పాట దగ్గరికి వచ్చేసరికి పల్లవిని చిన్న వాక్యానికి కుదించి, తర్వాతంతా ఆలాపనకి వదిలేశావు. ఆడవాళ్లు కళ్లు తుడుచుకునేది మాటల్లేని ఆ చోటే, గమనించావా? ఉపన్యాసంలో గంటసేపు చెప్పినా అక్కడికి చేరలేవు. అందుకే పాటకి టైము అడగమంటున్నాను.

అయితే వాన మీదా, రైలు మీదా, పోట్లాడి మాట్లాడుకోని ఇద్దరు స్నేహితుల మీదా కట్టుకున్న కొత్త పాటల్ని పక్కన పెట్టేస్తానని రాశావే, అది నాకు అస్సలు నచ్చలేదు. "నా శ్రోతలకి అవి అక్కర్లేదు" అన్నావు. ఎవరన్నారు? తల మీద జుట్టు పోయిన మనిషికి వానలో తడవాలని ఉండదా? కచేరీ అయ్యాక నీ దగ్గరికొచ్చి స్కార్ఫ్ తీసి చూపించిన ఆ చిన్నపిల్ల నిన్నడిగింది "మీకెలా పోయింది" అని కాదు, "పాటలో ఆ సంగతి ఎలా వేశారు, నాకూ నేర్పుతారా" అని. ఆ పిల్లకి నేర్పించడం కూడా వాళ్ల తరఫున నిలబడటమే. నా లెక్కలో అది ఇంకాస్త ఎక్కువ.

సదస్సువాళ్లకి రేపే జవాబు రాసెయ్. మాటకి నలభై నిమిషాలు, పాటకి ఇరవై, మంచి మైకు, వయొలిన్ అబ్బాయికి టికెట్టు. పాటల్లో ఒకటి అద్దం, ఇంకోటి రైలు. ఒప్పుకోకపోతే వద్దను, నీకు ఇంకో వేదిక దొరుకుతుంది. అన్నట్టు రైలు పాటలో రెండో చరణం శ్రుతి ఒక మెట్టు ఎక్కువైందని నాకనిపిస్తోంది. తగ్గించి పాడి పంపు, వింటాను.

మీ నాన్న